పాత ఫైలే, పేరు మార్చండి

(దిల్‌సుఖ్‌నగర్‌లో పాడిసిరి ట్రస్టు ఆఫీసు. ఏప్రిల్ నెల, మధ్యాహ్నం మూడు దాటింది. గదిలో ఇద్దరే: ట్రస్టు కార్యదర్శి భానుమూర్తి, అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గరి ఊరి నుంచి వచ్చిన అరుణమ్మ. రేపే ట్రస్టు ఫంక్షన్.)

“మళ్ళీ మొదట్నుంచి చెప్పు. నిదానంగా. మైకు ముందు నిలబడ్డావనుకో.”

“నా పేరు అరుణమ్మ. మాది అబ్దుల్లాపూర్‌మెట్ పక్కపొంటి ఊరు. ఆరేండ్ల కింద పాడిసిరి ట్రస్టోళ్ళు నాకు బర్రెనిచ్చిండ్రు.”

“గేదె అను. బెంగళూరు నుంచి వచ్చే దాతల్లో ఒకాయనది మా గుంటూరే.”

“బర్రెను బర్రె అనకపోతే ఏమంటరు సారు? గేదె అని పిలిస్తే అది గూడ మర్లి సూడదు.”

“సరే సరే, బర్రే అను. లోకల్‌గా బావుంటుంది. ఆ తర్వాత?”

“బర్రె ఇచ్చినంక మా ఆయన అంతయ్య సచ్చిపోయిండు.”

“ఇదిగో, మళ్ళీ పప్పులో కాలేశావు. ఇచ్చాక కాదమ్మా, ఇవ్వకముందు. భర్త పోయాడు, దిక్కులేకుండా ఉన్నావు, అప్పుడు మేం వచ్చి గేదెనిచ్చాం. వరస అది.”

“వరుస అది కాదు గద సారు. బర్రె ఇచ్చిననాడు పలుపు పట్టుకున్నదే మా ఆయన.”

“పలుపు ఎవరు పట్టుకుంటే ఏంటిప్పుడు? అప్పుడు రాసిన కాగితాల్లో భర్త లేడనే ఉంది. ఇప్పుడు నువ్వొచ్చి ఉన్నాడంటే వాళ్ళేమనుకుంటారు?”

“లేడు గద సారు ఇప్పుడు.”

“అదే! ఇప్పుడు లేడు. అప్పుడూ లేడు. రెండూ కలిపేస్తే గొడవే లేదు. ఉండు, ఫోను... శ్రీరామమూర్తి. మా బావమరిది. వీడికి పనీపాటా ఉండదు. కట్ చేస్తున్నా. ఆ, చెప్పు.”

“బర్రె ఇచ్చిండ్రు. మంచి బర్రె సారు, అబద్ధమెందుకు. పూటకు నాలుగు లీటర్లిచ్చేది. దాని పాలతోనే నా బిడ్డ సదువుకుంది.”

“ఇది! ఇది చెప్పాలి. ఈ ముక్క దగ్గర కాస్త ఆగు, చప్పట్లు కొడతారు. తర్వాత దూడ సంగతి.”

“మొదటి ఈత దున్న. రెండోది గూడ దున్ననే. మూడో ఈతకు ఈ దుడ్డె.”

“దుడ్డె అంటే దూడేగా? ఆడదేగా? సరిగ్గా చూశావా?”

“ఊళ్ళె ఎన్ని బర్రెలకు పురుడు పోసిన సారు. ఆడిదో మొగదో నాకు ఎర్కలేదా?”

“కోప్పడకు. నా కంగారు నాది. అరవై ఇళ్ళకిచ్చాం గేదెల్ని. బాండు పేపర్లో ఏముంది? మొదటి ఆడదూడని ఇంకో పేదింటికి ఇవ్వాలి, ఎవరికివ్వాలో ఇచ్చేవాళ్ళ ఇష్టం. ఒక్కరిచ్చారా? సగంమంది గేదెనే అమ్ముకున్నారు, సగంమంది ఫోనెత్తరు. నువ్వొక్కదానివే దూడ ఉంది సారూ అని నీ అంతట నువ్వొచ్చావు. రేపు ఆ దూడ స్టేజీ ఎక్కితేనే ఇంకో రెండొందల గేదెలకి వాళ్ళు ఒప్పుకుంటారు. ఎక్కకపోతే ఈ ఆఫీసుకి తాళమే.”

“తెస్త సారు. మాటిచ్చిన గద.”

“పొద్దున ఎనిమిదింటికల్లా ట్రాలీ ఆటో పంపిస్తా. సరూర్‌నగర్ ఫంక్షన్ హాలు. దూడకి స్నానం చేయించి... ఔనూ, రేపేం చీర కట్టుకొస్తావు?”

“పచ్చ పట్టుచీర.”

“పట్టుచీరా?”

“పెండ్లిచీర. ఆనాడు గూడ గదే కట్టుకొచ్చిన. యాదికుందా సారు?”

“ఆరేళ్ళయిందమ్మా. ఎంతమంది చీరలని గుర్తుపెట్టుకోను?”

“నాకు యాదికుంది. బర్రె ఇంటికొస్తుందంటే లచ్చిమి ఒస్తున్నట్టని, తలస్నానం జేసి, పూలు పెట్టుకొని, పళ్ళెంల పసుపు కుంకుమ పట్టుకొని ఒచ్చిన. మీరు నన్ను కిందికి మీదికి సూసిండ్రు. ‘ఏంటమ్మా, పెళ్ళికొచ్చావా’ అన్నరు.”

“సరదాకి అనుంటాను.”

“‘ఇలా ఉంటే నీకు గేదె అవసరమని ఎవరు నమ్ముతారు’ అన్నరు. మీ ఇంట్ల బండలు తుడిసే చీర తెప్పిచ్చిండ్రు. తడితడిగ ఉండె అది. ఫినాయిలు వాసన.”

“ఫొటో కోసం అమ్మా. దాతలు ఫొటో చూసేగా డబ్బిచ్చేది. అందరికీ అలాగే చేశాం, నీ ఒక్కదానికి కాదు.”

“అందరి బొట్లు గూడ తుడిసిండ్రా?”

“ఏం బొట్టు?”

“నా బొట్టు. అమ్మ తుడిసింది. మీ ఇంటామె, సూర్యప్రభమ్మ. ఆమె కొంగుతోనే తుడిసింది. నా పుస్తెలు రవికెల దోపింది. ‘ఫొటోకే కదా అరుణా, ఐదు నిమిషాలు’ అన్నది. మా ఆయన ఆడనే ఉండె, బర్రె పలుపు పట్టుకొని. మీ ఫొటో తీసేటాయన ‘నువ్వు పక్కకి జరగవయ్యా’ అంటే జరిగిండు. అంతయ్యకు ఎవరు జరగమన్నా జరిగేటి అలవాటు.”

“పాపం, మంచివాడే. అయినా పోయినవాళ్ళ గురించి మనం అన్నీ గొప్పగానే చెప్పుకుంటాంలే. చచ్చిన బర్రె పగిలిన కుండెడు పాలిచ్చిందని...”

“మా అంతయ్య బర్రె కాదు సారు.”

“అయ్యో, సామెత చెప్పానమ్మా. సామెత.”

“మీకు మళ్ళ ఫోన్ ఒస్తుంది.”

“మళ్ళీ వాడే. ఇప్పుడు కాదురా నాయనా... ఇదెవరు, సాంబమూర్తిగారా? మా ట్రస్టు ప్రెసిడెంటు, ఎత్తాలి. హలో! ఆ, సాంబమూర్తిగారూ, నేనే, భానుమూర్తిని... హలో? హలో?”

“ఏమైంది సారు?”

“పెట్టేశారు! నా గొంతు వినగానే ఏదో పామును తొక్కినట్టు కెవ్వుమని పెట్టేశారు.”

“సిగ్నల్ లేదేమో.”

“అంతే అయ్యుంటుంది. చూడు అరుణమ్మా, ఆ రోజు సంగతులన్నీ రేపు స్టేజీ మీద...”

“ఫ్లెక్సీ సంగతి యాదికుందా మీకు?”

“ఏ ఫ్లెక్సీ?”

“ఎల్బీనగర్ చౌరస్తాల, అడ్డ మీద కట్టిండ్రు గద, ఇల్లంత ఫ్లెక్సీ. పైన మీ ఫొటో. కింద నేను, బండలు తుడిసే చీరల. ‘భర్తను కోల్పోయి దిక్కులేని అరుణమ్మ కుటుంబానికి పాడిసిరి అండ.’ నాకు సదువు రాదు, నా బిడ్డ సదివి చెప్పింది.”

“మేటరు నేనే రాశాను. చాలా పేరొచ్చింది దానికి.”

“అంతయ్య రోజు నిలబడేది ఆ అడ్డ మీదనే సారు. పొద్దుగాల ఆరింటికి కూలీలందరు ఆడనే గద ఉండేది. తల మీద ఆయన పెండ్లాం ఫొటో. మొగుడు సచ్చిండని రాసింది. ‘సచ్చినోడొచ్చిండు రా’ అని పిలుసుడు మొదలువెట్టిండ్రు. మేస్త్రీలు లెక్కవెడుతుంటే ‘గీ శవానికి కూలెట్ల ఇయ్యాలె’ అని నవ్వేటోళ్ళు. మొదాలు ఆయన గూడ నవ్విండు. ఇంటికొచ్చి ‘ఇయ్యాల నాకు రొట్టెలొద్దు, పిండం వెట్టు’ అన్నడు. నేను గూడ నవ్విన సారు. నవ్విన.”

“కూలీల మొరటు హాస్యం. దానికి మనమేం చేస్తాం?”

“పదిరోజులైనంక నవ్వుడు బందువెట్టిండు. ఒకనాడు ఈ ఆఫీసుకే ఒచ్చిండు, ఎర్కేనా?”

“ఎవరు?”

“అంతయ్య. ఇగో, గీడ నిలబడ్డడు. నేను ఆ తలుపు దగ్గర ఉన్న. చేతులు కట్టుకొని, ‘సారు, నేను బతికే ఉన్న’ అన్నడు.”

“ఎప్పటి మాటమ్మా అది?”

“యాదికొచ్చిందా?”

“రోజుకి ఇరవైమంది వస్తారు ఆఫీసుకి.”

“బతికే ఉన్న అని చెప్పుకోవడానికి రోజుకు ఇరవైమంది ఒస్తరా సారు?”

“గొంతు తగ్గించు. పక్కన కోచింగు క్లాసులున్నాయి.”

“మీరు పేపరు సదువుకుంట, తలకాయ ఎత్తకుండ ఒక మాటన్నరు. ఆ మాట యాదికుందా?”

“లేదు.”

“‘ఫ్లెక్సీయే కదయ్యా. వానకి అదే చిరిగిపోతుంది.’”

“అందులో తప్పేముంది? నిజమే కదా. ప్రింటయిపోయింది, కట్టేశారు, పైకెక్కి ఎవరు విప్పుతారు?”

“ఆ ఏడు వానలు లేటుగొచ్చినయి సారు.”

“దానికీ నేనేనా కారణం?”

“కాదు. మీరేం జేస్తరు. ఆయన అడ్డకు పోవుడు బందువెట్టి పెద్ద అంబర్‌పేట్ దిక్కు పనికి పోయిండు. ఆడికి గూడ ఆ మాట పోయింది. తాగుడు షురువైంది. రోడ్డు దాటుతుంటే లారీ గుద్దింది. దవాఖానకు పోయేవరకే పానం పోయింది. ఆయన పోయిన ఎనిమిదో రోజుకు పెద్దవాన పడ్డది. ఫ్లెక్సీ చినిగింది.”

“చూడమ్మా, నాకూ బాధగానే ఉంది. కానీ లారీ గుద్దితే పోయాడు. అది యాక్సిడెంటు. దానికీ ఫ్లెక్సీకీ ముడిపెడితే ఎలా?”

“ఔ సారు. ఆక్సిడెంటే. శవం ఇంటికొచ్చిందని కబురు పంపితే, అడ్డ మీదోళ్ళు ఏమన్నరో ఎర్కేనా? ‘గీసారి నిజంగనే సచ్చిండా?’ అన్నరు. అప్పుడు గూడ ఒకడు నవ్విండు. ఆ నవ్వు ఇంకా నా చెవుల్లనే ఉంది. ఆరేండ్లు బర్రె పాలు పిండుకుంట ఆ నవ్వే విన్న. బర్రె మీద నాకు కోపం లేదు. పాపం, దానికేం తెలుసు. మీ మీద ఉంది. మస్తుంది. మీకు అబద్ధం చెప్పను.”

“అంటే... రేపు స్టేజీ ఎక్కి ఇదంతా చెప్తావా?”

“చెప్పను.”

“నిజంగా?”

“నా బిడ్డ మీద ఒట్టు. రేపు మైకుల ఒక్క మాట చెడుగ చెప్పను. దుడ్డెను గూడ తెస్త. పట్టుచీర గూడ వద్దంటే కట్టుకోను.”

“అమ్మయ్య. నువ్వు నిజంగా బంగారం అరుణమ్మా. నీ స్థానంలో ఇంకొకరుంటే నా పరువు తీసేవాళ్ళు. కూర్చో, నిలబడే ఉన్నావేంటి? టీ చెప్పనా?”

“వద్దు సారు. ఎండకు టీ పడదు.”

“పట్టుచీరే కట్టుకో. నువ్విప్పుడు దాతవి కదా! తీసుకునేవాళ్ళు పాతచీర కట్టుకుంటే చాలు. ఔనూ, ఎవరికిస్తున్నావన్నావు?”

“ఫారంల రాసిచ్చిన గద మొన్న. మీరు సంతకం గూడ పెట్టిండ్రు.”

“పెట్టానులే. పాతిక కాగితాలున్నాయి మొన్న, పేర్లెవరు చూస్తారు? ఎవరైతేనేం, పేదవాళ్ళయితే చాలు.”

“పెద్ద పేదది కాదు సారు. గని ఒంటిగయింది. ఈ మధ్యనే.”

“అంటే, భర్త...?”

“అట్లనే చెప్తున్నరు మంది.”

“పాపం. మంచిదే... అంటే, మంచిదని కాదు, మన పాత మేటరు అలాగే సరిపోతుంది. పొద్దున్నే ఎల్బీనగర్‌లో మన ఫ్లెక్సీ షాపుకి ఆ ఫారం ఫొటో తీసి పంపేశా. ఆరేళ్ళనాటి పాత ఫైలే తీసి, పేరు మార్చండి చాలు అన్నా. ప్రూఫు కూడా అక్కర్లేదన్నా. డిజైన్ డబ్బులు మిగిలాయి! ఆ షాపు మధు అని...”

“మధు నాకు ఎర్కనే. మంచోడు.”

“నీకెలా తెలుసు?”

“నా బిడ్డ విజయశ్రీ ఆడనే పనిజేస్తది సారు. కంప్యూటర్ మీద డిజైన్ జేసేది అదే. రెండేండ్లాయె.”

“అలాగా! చెప్పవేం! గేదెపాలతో చదివి డిజైనర్ అయింది! ఈ ముక్క మైకులో చెప్పి తీరాలి. బెంగళూరు వాళ్ళు లేచి నిలబడతారు.”

“కాలేజీకి బస్సు ఎక్కాలంటే ఆ ఫ్లెక్సీ కిందికెళ్ళే పోవాలె అది. దోస్తులు ‘మీ నాయిన లేడా’ అని అడిగితే, ఉన్నడని చెప్పలేక వేరే గల్లీలకెళ్ళి తిరిగిపోయేది. ‘అమ్మా, గివి ఎట్ల జేస్తరో నేర్సుకుంట’ అన్నది ఆయన పోయినంక. నేర్సుకుంది.”

“కష్టపడి పైకొచ్చింది, అదే కావాలి. ఈసారి ఫ్లెక్సీలకి మందం గుడ్డ వెయ్యమన్నాను తెలుసా? పోయినసారిది ఒక్క వానకే చిరిగింది కదా. ఇప్పుడు వానలకింకా రెండు నెలలుంది. పదికి ఆర్డరిచ్చా. ఎల్బీనగర్ చౌరస్తా, కొత్తపేట, చైతన్యపురి, ఇక్కడ మెట్రో కింద, మా వీధి మలుపులో ఒకటి.”

“మీ ఇంటిగేటుకు గూడ ఒకటి కట్టిండ్రంట సారు. నా బిడ్డ ఇందాక ఫోన్ చేసి చెప్పింది. రెండింటివరకే పది కట్టేసిండ్రంట.”

“భేష్! పనిమంతులు. ఇంతకీ ఆ తీసుకునే ఆవిడ ఫొటో? ఫారంతో పాటు ఫొటో ఇవ్వలేదు కదా నువ్వు?”

“ఫొటో మీ దగ్గర్నే ఉంది సారు. ఆనాటి పాత ఫొటోలల్ల. నా పక్కన నిలబడి ఉన్నది.”

“నీ పక్కనా? నీ పక్కన మా ఆవిడ తప్ప... మళ్ళీ ఫోను! ఇదిగో, మా ఆవిడే. ఆ, చెప్పు ప్రభా. ఏంటి? ఏడుస్తున్నావేంటి? ఎవరొచ్చారు? మీ తమ్ముడా? వాడెందుకు వచ్చాడు? జనమా? ఎంతమంది?... నిదానంగా చెప్పు. దండలేంటి? ఎవరికి దండలు?”

“ఒకసారి స్పీకర్ల పెట్టండి సారు.”

“నువ్వాగు! ప్రభా, గేటు మీద ఏముందో చదువు. నాకు వినపడేలా చదువు... ‘భర్తను కోల్పోయి దిక్కులేని... సూర్యప్రభ కుటుంబానికి...’ ఏం చదువుతున్నావే నువ్వు! పైన నా ఫొటోకి దండా? ఎవరు వేశారు దండ? ఫ్లెక్సీలోనే ఉందా?”

“అదొక్కటి పాత ఫైలుల లేదు సారు. మా బిడ్డ కొత్తగ ఏసింది.”

“ప్రభా, వాళ్ళకి చెప్పు, నేను ఆఫీసులో ఉన్నానని చెప్పు. ఏవిటీ? బొట్టు తీస్తానంటోందా మీ పెద్దమ్మ? తీయనివ్వకు! నేను ఫోన్లో మాట్లాడుతున్నా కదే! నేను బతికే ఉన్నానే! వస్తున్నా, వస్తున్నా... అరుణమ్మా! ఏం చేశావమ్మా ఇది? ఊరంతా పది కట్టించావు! రేపు దాతలు ఆ దారినే వస్తారు! విప్పించు, వెంటనే విప్పించు! నీ కాళ్ళు పట్టుకుంటాను. నేను బతికే ఉన్నానమ్మా!”

“కంగారెందుకు సారు. ఫ్లెక్సీయే గదా. వానకు అదే చినిగిపోతది.”